రెండ్రోజులు కనబడకపోతే

అరవై తొమ్మిదిలో నాకు చలిజ్వరం వచ్చి మంచం ఎక్కితే బాన్సువాడ బజారు మొత్తం బంద్ అయింది. కిరాణా దుకాణాల తలుపులు పడ్డాయి. బట్టల దుకాణాలవాళ్ళు అరుగులు దిగి ఇళ్ళకు పోయారు. బోధన్ బస్సు రాలేదు, నిజామాబాద్ బస్సు కదల్లేదు, బడిపిల్లలకు సెలవిచ్చారు. నేను గొంగడి కప్పుకొని కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ, ఒక్క మనిషి కోసం ఇంత ఊరు ఆగిపోవాలా అని సిగ్గుపడ్డాను. ఈ ముక్క నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. సిగ్గుపడ్డానన్న చోట గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి. అక్కడ తగ్గిస్తే విన్నవాళ్ళు నమ్ముతారు.

బస్టాండు ఎదురుగా నాకు కిరాయి సైకిళ్ళ దుకాణం ఉండేది. దుకాణం వెనకాలే రెండు గదుల ఇల్లు. మాది నస్రుల్లాబాద్ దిక్కు వ్యవసాయ కుటుంబం. వరి, చెరకు. అన్నదమ్ములు ఆ పనిలోనే కుదురుకున్నారు. నాకు ఒకచోట కాలు నిలవదు. నారు పోసి అది మొలిచేదాకా కూర్చోమంటే ప్రాణం మీదికి వచ్చేది. అందుకని సైకిళ్ళు పెట్టుకున్నాను. పొద్దున పోయిన సైకిలు మాపటికి తిరిగొస్తుంది, తొక్కినవాడు తిరిగిన ఊళ్ళ కబుర్లు దానితోపాటే వస్తాయి. పంక్చరు వేస్తూ వినేవాణ్ణి. విన్నది తీసుకొని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న చాయ హోటలు బెంచీ మీద కూర్చొని చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు గాలి కొంచెం ఎక్కువే కొట్టేవాణ్ణి.

ఆ హోటలు నడిపేవాడు నా ఈడువాడే. చుట్టరికం ఏమీ లేదు. అయినా నన్ను ‘బావా’ అనేవాడు, నేనూ ‘బావా’ అనేవాణ్ణి. పొద్దున పొయ్యి అంటించగానే మొదటి చాయ నాకే పోసేవాడు. నేను చెప్పే అబద్ధాల్లో ఏది ఎంత పెరిగిందో ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా పదిమందిలో పట్టివ్వలేదు. పైగా, “బావ చెప్పిండంటె సగమన్న నిజముంటది” అని నన్ను వెనకేసుకొచ్చేవాడు.

బెంచీ ఒక్కటే కాదు. శనివారం భజన మండలి. చవితికి వినాయకుడి కమిటీ. మధ్యాహ్నం పులిమేక ఆట. పొద్దుగూకితే కల్లు దుకాణం. ఒక గుంపులో కూర్చుంటే ఇంకో గుంపులో నేను లేకుండా ఏదో జరిగిపోతున్నదని అరికాళ్ళు దురదపెట్టేవి. లేచి పోయేవాణ్ణి. అక్కడికి పోయాక మళ్ళీ ఇక్కడేమైందో అని. రాత్రి పక్క మీద పడ్డా అదే తీరు. ఎవరు ఏమన్నారు, నేను లేచి వచ్చాక ఎందుకు నవ్వారు, రేపు ముందు ఎవరి దగ్గరికి పోవాలి. లేచి వాకిట్లో తిరిగేవాణ్ణి. ఎప్పుడో తెల్లారుజామున కన్ను మూతపడేది.

నా భార్య మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి దిక్కు పిల్ల. అటంతా నల్లరేగడి, జొన్న, పత్తి. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు మాట్లాడే కుటుంబం. మా బాన్సువాడ కాలువ నీళ్ళ ఊరు, పూటపూటకూ అన్నం తినే ఊరు. ఆమె పొద్దున జొన్నరొట్టె కొడుతుంటే ఆ చప్పుడు గోడ దాటి పోయేది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, “ఏందమ్మా, ఇంట్ల బియ్యం ఒడిసినయా?” అనేది. ఆవిడ తమాషాకే అన్నదని నేను. తమాషాకు రోజూ అంటారా అని ఆమె. తెలుగులో ఒక మరాఠీ ముక్క దొర్లితే నలుగురు ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకొని నవ్వేవాళ్ళు. ఆమె మాట తగ్గించింది. తర్వాత తిండి తగ్గించింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి, రోగమేమీ లేదని బలానికి గోళీలు రాసిచ్చాడు. రోగం లేదన్నాడు కదా అని నేను ఫికర్ చేయలేదు. నాకు తిరగడానికి ఊరుంది.

డెబ్బై ఎనిమిదో తొమ్మిదో, వానకాలం ముసురులో, ఒక మేడం హైదరాబాదు నుంచి దిగింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నదట. చిన్న వయసే. ఒక టీచరమ్మ ఇంట్లో గది తీసుకొని, ఊళ్ళు తిరగడానికి సైకిలు కావాలని నా దుకాణానికి వచ్చింది.

“ఏం పరిశోధన మేడం?” అన్నాను.

“సోషల్ సైకాలజీ. మనిషి తనను ఏ గుంపులో మనిషిగా అనుకుంటాడు, ఆ అనుకోవడానికీ ఆ మనిషి నిద్రకూ తిండికీ ఆరోగ్యానికీ ఏమైనా సంబంధం ఉందా అని చూస్తాం.”

“దీనికి హైదరాబాదు నుంచి రావాల్నా? మా బెంచీ మీద కూసుంటె చాలదా?”

ఆమె నవ్వి, బెంచీలూ తండాలూ పొలాలూ అన్నీ చూడాలంది. తండాలనగానే నేను లేచి నిలబడ్డాను. లంబాడీ మాట నాకు మంచినీళ్ళ ప్రాయమని, మరాఠీ అత్తగారి భాషని, ఉర్దూ పుట్టుకతోనే వచ్చిందని చెప్పాను. మేడం ఒక సైకిలు, నేను ఒక సైకిలు. దుకాణాన్ని హోటలు బావ చూస్తుంటాడులే అని తాళం వేయకుండా బయలుదేరాను.

నాకొచ్చిన లంబాడీ సంగతి మొదటి పొలం గట్టు మీదే తేలిపోయింది. తండా ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. నేను గొంతు సవరించుకొని వాళ్ళ మాటలో ఒక ప్రశ్న అడిగాను. వరుసంతా నడుము ఎత్తి నిలబడి నవ్వింది. ముందున్న ముఠా పెద్ద, నలభై ఏళ్ళ మనిషి, బురద చేత్తోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని అంది:

“అన్నా, తెలుగుల అడుగు. నువ్వు మా మాట మాట్లాడుతుంటె గా ఎడ్లు బెదురుతున్నయ్.”

మేడం తెలుగులోనే అడిగింది. ఆమె ప్రశ్నలన్నిటిలోకీ ముఖ్యమైనది ఒకటుండేది. రెండ్రోజులు మీరు ఎక్కడా కనబడకపోతే, మీకేమైందో కనుక్కోవడానికి ఎవరొస్తారు?

“రెండ్రోజులెందుకు మేడం,” అంది ముఠా పెద్ద. “గీ సాలు జూడు. ఒక్కరు లేకుంటె నడుమ సందు కనబడ్తది. గా సందు చూసుకుంట నాటు ఎట్లేస్తం? అదేమైందో అనుకుంట చేతులు ఆడయి. పొద్దుగూకంగనే ఇంటికి పోతం. పండుకుంటె లేపుతం, అలిగితె తిడతం.”

“వచ్చినా వెనకబడిపోతే?”

“ఇటామె రెండు కుదుర్లు, అటామె రెండు కుదుర్లు ఏస్తది. సాలు వంకర పోవద్దు గదా.”

చెబుతుండగానే వాళ్ళ చేతులు నడిచాయి. ఒక బాలింతరాలు వెనకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్ళు అడగకుండానే చెయ్యి చాచి ఆమె వంతు నాటేశారు. ఆమె వాళ్ళవైపు చూడను కూడా లేదు. మేడం వానలో తడుస్తూ అక్కడే నిలబడిపోయింది. నాకేమో కాళ్ళు ఆడుతున్నాయి. బస్టాండులో ఏమవుతున్నదో.

తిరిగొచ్చేటప్పుడు సైకిళ్ళు నడిపించుకుంటూ మేడం అంది. “ఎన్ని గుంపుల్లో ఉన్నామన్నది లెక్కపెట్టడం తేలికండీ. వాటిలో ఒక్కటైనా ‘ఇది నాది’ అనిపిస్తుందా అన్నదే కష్టం. నాకింకా తెలీదు, తేల్చుకుందామనే వచ్చాను.”

నాకెందుకో గుచ్చుకుంది. “నన్నడుగుండ్రి మేడం. నాకున్నన్ని గుంపులు ఈ తాలూకాల ఎవరికి లెవ్వు” అన్నాను.

అడిగింది. దుకాణంలో స్టూలు మీద కూర్చొని, నా గుంపులన్నీ చెప్పనిచ్చింది. భజనలో తాళం నాదే అన్నాను. అంటే తాళాలు మా ఇంట్లో ఉంటాయి. నేను వాయిస్తే పాట తప్పుతుందని ఇంకొకరు వాయించేవారు. అది చెప్పలేదు.

“రాత్రి నిద్ర ఎలా పడుతుంది?”

“మొద్దు నిద్ర మేడం.”

లోపలి నుంచి నా భార్య గొంతు వినిపించింది. “రాత్రంత వాకిట్ల తిరుగుతడు. మొదట్ల కుక్కలు అరుస్తుండె, ఇప్పుడు అవి గూడ పట్టించుకుంటలేవు.”

మేడం నవ్వు ఆపుకొని అసలు ప్రశ్న అడిగింది. రెండ్రోజులు మీరు కనబడకపోతే ఎవరొస్తారు? నేను ఆ మాట కోసమే కాచుకొని ఉన్నాను. అరవై తొమ్మిది జ్వరం కథ ఎత్తుకున్నాను. బజారు బంద్ చేయించాను, బస్సులు ఆపాను, సిగ్గుపడ్డాను, గొంతు తగ్గించాను. అప్పుడే నా భార్య చాయ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఈ కథను పెళ్ళైన కొత్తలో విన్నది, నమ్మింది.

“అరవై తొమ్మిదిలోనా?” అంది మేడం. “తెలంగాణ ఉద్యమం నడుస్తున్నది కదండీ అప్పుడు. హైదరాబాదులో మా బడి కూడా మూసేశారు. అదీ మీ జ్వరానికేనా?”

జ్వరం మాత్రం నిజం. గొంగడి నిజం, కిటికీ నిజం. ఊరు బంద్ అయింది ఉద్యమం కోసం. అందరూ ఆ పనిలో ఉంటే నేను మంచంలో ఒంటరిగా పడి ఉన్నాను. ఎవరూ రాలేదు. కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూసీ చూసీ ఆ పిచ్చి కథ అల్లుకున్నాను. ఆ మాట మేడంతో అనలేదు. పకపకా నవ్వేశాను. నా భార్య నవ్వలేదు. చాయ గ్లాసు మేడం చేతిలో పెట్టి, అక్కడే నేల మీద కూర్చుంది.

“మేడం, నన్ను గూడ అడుగు.”

“అడుగుతానమ్మా. మీ వాళ్ళంటే ఎవరు?”

“ఈడ ఎవ్వరు లేరు. డోంగ్లి దిక్కు మా అన్న, వదిన ఉన్నరు.”

“రెండ్రోజులు కనబడకపోతే?”

“ఏడాది కనబడకున్నా ఎవ్వరు అడగరు.” ఆమె నావైపు చూడకుండా అంది. “పొలాల అమాసకు మా అన్న తీసుకపోనీకె వస్తడు. పండుగకు పోత. ఇగ రాను. ఈడుంటె నేను బతకను మేడం.”

పొలాల అమావాస్య అంటే మా సరిహద్దు ఊళ్ళలో ఎడ్ల పండుగ. దానికి ఎన్నో రోజుల్లేవు. ఈ సంగతి నాకు చెప్పకుండా మొదట ఒక పరాయి మనిషికి చెప్పింది. “తమాషా జేస్తుంది మేడం” అన్నాను. మేడం కలం మూసి సంచిలో పెట్టుకుంది. లేచి వెళ్ళింది.

ఆమె గడప దాటగానే నేను అందుకున్నాను.

“ఇంతమంది నడుమ ఉండి ఎవ్వరు లేరంటవేంది? నా వాళ్ళు నీ వాళ్ళు గాదా?”

“నీ వాళ్ళెవరు?”

“బాన్సువాడంత నా వాళ్ళే!”

“జ్వరం బాన్సువాడనా?” అంది. అంతకుముందు ఆమె నన్ను అలా వెక్కిరించి ఎరగదు. “మంచిది. రెండ్రోజులు దుకాణం తీయకు. బయట మొకం చూపియ్యకు. ఏమైనవని అడుగనీకె ఒక్కడొస్తె నేను ఉంట, ఇగ పోతనన్న మాట ఎత్తను. ఎవ్వరు రాకుంటె నేను పోత. నువ్వు అడ్డం రావద్దు.”

“ఒక్కడేంది, కట్టలు కట్టుకొని వస్తరు.”

“సైకిలుకు వచ్చినోడు లెక్కల రాడు.”

“లెక్కల రాకుంటె రాకపాయె. నాదొక షరతు. నువ్వు గూడ గడప దాటొద్దు. పోయి ఎవరికన్న సైగ జేస్తవ్.”

ఆమె వెనక తలుపు వైపు చూసింది. “మధ్యానం కాలువకు బట్టలకు గూడనా?”

“కాలువకు గూడ.”

సరేనంది. ఆమె మొహంలో ఏదో నీడ కదిలింది, కానీ నేను గెలిచే తొందరలో ఉన్నాను.

ఆ రాత్రి నాకు అసలే నిద్ర లేదు. ఎవరు మొదట వస్తారో పందెం కాసుకుంటూ తిరిగాను. తెల్లారుజామున కన్ను మూతపడి, లేచేసరికి బాగా పొద్దెక్కింది. “ఎవరన్న వచ్చిండ్రా?” అన్నాను మొదటి మాటగా. ఆమె పొయ్యి ఊదుతూ తల అడ్డంగా ఊపింది.

దుకాణం చెక్కల సందులోంచి చూస్తే బెంచీ కనబడేది. కన్ను ఆ సందుకు అతికించి నిలబడ్డాను. బెంచీ నిండుగా ఉంది. నేను కూర్చునే మూల ఎవడో మద్నూర్ లారీ క్లీనరు కూర్చొని బన్ను తింటున్నాడు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. నేను లేకుండా వాళ్ళకు నవ్వు ఎలా వస్తున్నదో నాకు అర్థం కాలేదు. హోటలు బావ గ్లాసులు కడుగుతూ ఒక్కసారి నా దుకాణం వైపు చూశాడు. దాటి వస్తాడనుకొని పరుగున పోయి మంచం మీద పడుకొని దుప్పటి కప్పుకున్నాను. చాలాసేపు పడుకున్నాను. ఎవరూ రాలేదు. లేచి మళ్ళీ సందు దగ్గరికి.

ఒకడు వచ్చి తలుపు కొట్టాడు. నేను పెళ్ళాం వైపు గర్వంగా చూశాను. “పంపు ఇస్తె గాలి కొట్టుకొని పోత” అన్నాడు బయట్నుంచి. ఆమె పంపు ఇచ్చి పంపింది. మధ్యాహ్నం భజన మండలి ఆయన వచ్చాడు. “అమ్మా, తాళాలు ఇయ్యి. రేపు శనివారం.” తాళాలు తీసుకొని, అవి గణగణ మోగుతుండగా వెళ్ళిపోయాడు.

“వాయించెటోడు ఏడున్నడని అడిగిండా?” అంది ఆమె.

“గొంతుల అడిగినట్టే ఉండె.”

“గొంతు లెక్కల రాదు.”

ఆ రెండు గదుల్లో నేను తిరిగిన తిరుగుడుకు సైకిలైతే మద్నూర్ చేరేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే సందులోంచి చూడాలనిపించేది, చూస్తే మళ్ళీ మంచం ఎక్కాలనిపించేది. మధ్యాహ్నం దాటాక గమనించాను, ఆమె కూడా కుదురుగా లేదు. వెనక తలుపు దాకా పోతుంది, గొళ్ళెం మీద చెయ్యి వేస్తుంది, తిరిగొస్తుంది. డోంగ్లి మీద ప్రాణం ఇంతగా కొట్టుకుంటున్నదా అనుకున్నాను. రొట్టెలు కూడా మా ఇద్దరికీ ఎక్కువయ్యేటన్ని కొట్టింది. తినేవాళ్ళెవరని విసుక్కున్నాను. ఆమె వాటిని గుడ్డలో మూటగట్టి, మూట వైపు కాసేపు చూసి, మళ్ళీ విప్పి గంపలో పెట్టింది.

రెండో రోజు పొద్దంతా ముసురే. బెంచీ వాళ్ళు హోటలు లోపలికి జరిగారు. సందులోంచి ఉత్త తడిసిన బెంచీ కనబడుతున్నది. మధ్యాహ్నం అయ్యేసరికి నా నోరు పడిపోయింది. ఆమె పెట్టె తీసి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇంకో పూట గడిస్తే ఆమె మాట నెగ్గుతుంది. అడ్డం రానని ఒప్పుకున్నాను కూడా. మొదటిసారిగా నాకు భయం వేసింది. ఆమె లేకపోతే ఈ ఇంట్లో నేను ఎవరికి అబద్ధం చెప్పాలి?

అప్పుడు వెనక తలుపు దబదబా మోగింది.

“వచ్చిండ్రు! చెప్పిన గదా!” అని తలకు తువ్వాలు చుట్టుకొని, మొహం రోగిష్టిగా పెట్టుకొని, నేనే పోయి గొళ్ళెం తీశాను.

ముగ్గురు ఆడవాళ్ళు. తల మీద గోనెసంచి ముసుగులు, మోకాళ్ళ దాకా బురద. ముందున్నామె ఆ ముఠా పెద్ద, నా లంబాడీ విని నవ్విన మనిషి. నా తువ్వాలు వైపు కన్నెత్తి చూడలేదు. నా భుజం మీంచి లోపలికి చూసింది.

“అక్క ఏది?”

“ఏ అక్క?”

“రొట్టెలక్క. నిన్న కాలువకు రాలే, ఇయ్యాల రాలే. పానం బాగలేదా? నువ్వేమన్న కొట్టినవా అన్నా?” అని, జవాబు కోసం ఆగకుండా గొంతు పెంచింది. “ఓ అక్కా! బతికున్నవా?”

మిగతా ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకొని నన్ను చూస్తున్నారు. బురద చేతులు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. నా వెనకాల నా భార్య నిలబడి ఉంది. చేతిలో సగం మడిచిన చీర. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ పెదాలు నవ్వుతున్నాయి. అవి రెండూ ఒకేసారి ఎలా అవుతాయో నాకు ఇప్పటికీ చెప్పడం రాదు.

సంగతేమంటే, ఆ ఏడు నాట్లు మొదలైనప్పటి నుంచి ఆమె మధ్యాహ్నం బట్టలకని కాలువకు పోయేది. వీళ్ళు చద్ది తినడానికి ఆ గట్టు మీదికే వచ్చేవాళ్ళు. వాళ్ళదీ జొన్నరొట్టె, ఈమెదీ జొన్నరొట్టె. ఒకరోజు వీళ్ళ కారం అయిపోతే ఈమె తన పచ్చిమిరపకాయల నూరుడు ఇచ్చింది. మర్నాడు వాళ్ళు ఈమెకు జాగా ఉంచి కూర్చున్నారు. ఇంట్లో ముద్ద దిగని మనిషి అక్కడ తినేది.

“మరి మేడం అడిగితె ఎవ్వరు లేరంటివి?” అన్నాను తర్వాత.

“మన వాళ్ళెవరని అడిగింది గదా. మనోళ్ళంటె చుట్టాలు, కులపోళ్ళు అనే అనుకుంటం. వీళ్ళను గూడ చెప్పొచ్చని నాకెట్ల తెలుసు?”

అబద్ధమేం కాదది. మా ఇళ్ళలో ‘మనవాళ్ళు’ అంటే ఇన్నేళ్ళుగా ఒకటే అర్థం. తండావాళ్ళు వెనక తలుపు మెట్టు దాకా వస్తారు, దోసిలి పడితే నీళ్ళు పోస్తాం, తాగి పోతారు. వాళ్ళతో తిన్నా, నవ్వినా, వాళ్ళ కోసం రెండ్రోజులు గొళ్ళెం దగ్గర తచ్చాడినా, వాళ్ళు లెక్కలోకి వస్తారని ఆమెకు తోచలేదు. మేడంకూ అడగాలని తోచలేదు. నాకు సరేసరి.

“లోపలికి రాండ్రి,” అంది నా భార్య.

“కాళ్ళకు బురదున్నదక్కా. ఈడనే మంచిగుంది.”

“ఉండనీ. రాండ్రి.” నావైపు తిరిగి, “చాప వెయ్యి” అంది.

ముందు గదిలో చాప వేశాను. వెనక తలుపు నుంచి అక్కడి దాకా బురద అడుగులు పడ్డాయి. గంప మధ్యలో పెట్టుకొని నలుగురూ తిన్నారు. నా భార్య నోటి నిండా పెట్టుకొని మాట్లాడుతుంటే అదే మొదటిసారి చూడటం. నేను చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక గోడకు నిలబడ్డాను. ముఠా పెద్దకు జాలి వేసింది.

“అన్నా, కూసో. నీకు గూడ ఎవరన్న దొరుకుతరు తియ్యి.”

వాళ్ళు పోయాక, నేను ఊరుకోకుండా, “చూసినవా, వచ్చిండ్రు. నేను గెలిచిన” అన్నాను.

“నీ కోసం రాలే. నా కోసం వచ్చిండ్రు.” ఆమె పెట్టెలోని చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. “కానీ ఉంట.”

బురద అడుగుల కబురు నస్రుల్లాబాద్ చేరింది. మా అన్న వచ్చి, ముందు గదిలో తండావాళ్ళను కూర్చోబెట్టి తినిపిస్తారా, ఇంటి మర్యాదేం కావాలని కేకలేశాడు. ఆమె తల మీద కొంగు సర్దుకొని, “నేను ఉన్ననా పోయిననా అని చూడనీకె ఈ ఇంటికి వచ్చినోళ్ళు వాళ్ళే బావా” అంది. ఆయన మంచినీళ్ళు తాగకుండా పోయాడు. పొలాల అమావాస్యకు ఆమె డోంగ్లి పోయింది. పండుగ చేసుకొని పోలెల మూటతో, అంటే బొబ్బట్లతో, బస్సు దిగి, ఇంటికి కూడా రాకుండా తిన్నగా కాలువ గట్టుకు పోయింది. నా వంతుకు చివరికి ఒక విరిగిన పోలె మిగిలింది.

మా రెండ్రోజుల పందెం గురించి ఎవరి దగ్గర విన్నదో, మేడం ఊరు విడిచే ముందు అది ఏమైందని అడిగింది. సగం బాన్సువాడ వచ్చిందని, జనాన్ని ఆపలేక తలుపు బిగించుకున్నామని చెప్పాను. ఆమె కలం తీయలేదు. నా భార్యతో కలిసి ఒక మధ్యాహ్నమంతా కాలువ దగ్గర కూర్చొని వచ్చింది. తర్వాత ఆమె పుస్తకంలో ఏం రాసుకున్నదో నేను చూడలేదు.

ఇక నా సంగతి. మూడో రోజు దుకాణం తెరిచి బెంచీ దగ్గరికి పోయాను. హోటలు బావ నన్ను చూసి, “ఎప్పుడొచ్చినవ్ బావా మద్నూర్ నుంచి? పని అయ్యిందా?” అన్నాడు. నేను రోడ్డుకు ఇవతల చెక్కల వెనకాల ప్రాణం ఉగ్గబట్టుకొని ఉంటే, అడిగి చూడకుండా ఏదో ఊరు పోయానని అనుకొని ఊరుకున్నాడన్నమాట. చాయ సగం తాగి లేచాను. తర్వాత మెల్లగా బెంచీ మానేశాను. ఇంట్లోనే చాయ పెట్టించుకునేవాణ్ణి. ఒకసారి ఆయనే రోడ్డు దాటి వచ్చి, “ఏంది బావా, మా చాయ చేదయిందా?” అన్నాడు. “దుకాణంల పనుంది బావా” అన్నాను. ఆయన ఊరికే ఒక సైకిలు గంట మోగించి వెళ్ళిపోయాడు. ఎనభైలలో హోటలు అమ్ముకొని కొడుకు దగ్గరికి బోధన్ పోయాడు. పోయేనాడు బస్టాండులో కనబడ్డాడు, చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను. ఇప్పుడు లేడు.

ఇంతదాకా రాసి, మొన్న పొద్దున నా భార్యకు చదివి వినిపించాను. ఆమె రొట్టె కొడుతూ విన్నది. జ్వరం దగ్గర నవ్వింది, బురద చేతుల దగ్గర ఇంకా నవ్వింది. చివరికి నేను గొంతు తగ్గించి, “ఆ రెండ్రోజుల్లో బాన్సువాడలో నా కోసం వచ్చిన మనిషి ఒక్కడూ లేడు” అని చదివాను. రొట్టె చప్పుడు ఆగింది.

“గది అబద్ధం,” అంది. “మీ బావ వచ్చిండు. మొదటి రోజు పొద్దుగాల్నే, చాయ గ్లాసు పట్టుకొని వచ్చిండు. నువ్వు గుర్రు పెట్టి పండుకున్నవ్. బావ లేవలేదేంది, పానం బాగున్నదా చెల్లె అని అడిగిండు. మద్నూర్ పోయిండు, రెండ్రోజులు రాడని నేనే చెప్పిన. నిన్ను లేపితె నేను ఓడిపోతుంటి. అప్పుడు నాకు డోంగ్లి పోవాలని ఉండె. గా పని చేసింది నేను, నువ్వు గాయన మీద అలిగినవ్. ఎందుకు అలిగినవో నాకు ఎన్నడు చెప్పలే, చెప్తే అప్పుడే చెప్తుంటి. ఒక్కడు రాలేదని రాయకు. వచ్చిండు, నువ్వే నిద్రపోయినవ్.”